గుంపులో ఉన్నారనుకొంటిమి

48వ కీర్తనను మీరు అనేక పర్యాయములు చదివియుందురు. ఆ కీర్తనకారుడు యాత్రికులతో మాటలాడుచు, సీయోను చుట్టు నడచి దాని బురుజులెన్నియో లెక్క చూడవలెననియు, దాని కోటగోడలను మనస్సు నిలిపి పరిశీలింపవలెననియు, చూచినదానిని రాబోవు తరమువారికి చెప్పవలెననియు బోధించుచున్నాడు. నేను సెమినరీలో చదువుకొను దినములలో ఈ కీర్తనమీద పరీక్షకొక వ్యాసము వ్రాసితిని. మార్కులు బాగుగనే వచ్చినవి. కాని లెక్కించుట అనగానేమో అటుపిమ్మట ముప్పది యేండ్లకు గోల్కొండ కోట క్రింద నాకు తెలిసినది. ఆ సంగతి మీతో చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది కృష్ణా డెల్టాలోని ఒక పల్లె సంఘము. గత చలికాలమున వరికోతలు ముగిసిన తరువాత, ఒక బస్సు మాటలాడుకొని, 46 మందిమి హైదరాబాదు, గోల్కొండ, మెదకు చూచి వచ్చుటకు బయలుదేరితిమి. సండేస్కూలు పిల్లలు, యౌవనస్థులు, స్త్రీల సమాజమువారు, కొందరు వృద్ధులు అందులో నుండిరి. బయలుదేరుటకు ముందు సంఘపెద్దలలో ఒకరు, "అయ్యగారూ, సంఘము పేరున వినోదయాత్రలేమిటి?" అని అడిగిరి. మన ప్రభువు బాల్యమునందు బంధువులతోను ఊరివారితోను గుంపుగా కూడి యెరూషలేమునకు వెళ్లెడివాడు గదా అంటిని. శిష్యులు దేవాలయపు రాళ్లను చూచి అబ్బురపడినప్పుడు ప్రభువు వారి కన్నులు మూయలేదు. ఆ రాళ్లకు ఆవలనున్నదానిని కూడ చూడుమని నేర్పెను. చూచుటలో దోషము లేదు. చూచి ఏమియు నేర్చుకొనకుండుటలోనే దోషమున్నది. ఆ జవాబు పెద్దలకు నచ్చెను. నాకును నచ్చెను. నా జవాబులు నాకే నచ్చుట నాకున్న బలహీనతలలో ఒకటి.

మొదటి దినము హైదరాబాదు చూచితిమి. మొహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో ఈ నగరమును కట్టించి, దాని నడుమ చార్మినారు నిలిపెను. ప్లేగు తొలగిపోయిన జ్ఞాపకార్థము దానిని కట్టించెనని చెప్పుదురు. నాలుగు మీనారులు, నాలుగు దిక్కులకు నాలుగు తోరణములు, వాటిక్రిందనుండి నాలుగు వీధులు. ఒక పట్టణపు నడిబొడ్డున రాజు తన నగరును కట్టుకొనక, నలుదిక్కులవారు నడచిపోవుటకు దారి విడిచిన కట్టడమును నిలుపుట నాకు మిక్కిలి నచ్చినది. దాని ప్రక్కనే మక్కా మసీదు. అది కుతుబ్ షాహీల కాలమున ఆరంభమై, ఔరంగజేబు కాలమున 1694లో పూర్తియైనది. మా పిల్లలు చెప్పులు విడిచి, మాటలు మాని, నెమ్మదిగా నడచిరి. పరులు ప్రార్థించు స్థలమున మర్యాదగా నుండుట వారికి చిన్ననాడే నేర్పవలెను. మన గుడికి వచ్చువారు ఎట్లుండవలెనని కోరుదుమో మనమట్లే ఉండవలెను గదా.

మధ్యాహ్నము సాలార్ జంగ్ మ్యూజియం చూచితిమి. మీరు వెళ్లునప్పుడు శుక్రవారము కాకుండ చూచుకొనుడి. ఆ దినము దానికి సెలవు. 1951వ సంవత్సరమున ప్రజలకు తెరువబడిన ఈ మ్యూజియంలోని వస్తువులను ఒక దినములో చూచుట ఎవరి తరము కాదు. కనుక పిల్లలకు రెండు వస్తువులు చూపుటకు నిర్ణయించుకొంటిమి. మొదటిది ముసుగు వేసికొన్న రిబ్కా పాలరాతి విగ్రహము. ఇటలీ దేశపు శిల్పియైన బెన్జోనీ దానిని చెక్కెను. ఆదికాండము 24వ అధ్యాయములో రిబ్కా ఒంటెమీద వచ్చుచు, పొలములో నడచి వచ్చుచున్న ఇస్సాకును చూచి ముసుగు వేసికొనిన సంగతి మనకందరికి తెలియును. రాయి ఒక్కటే. కాని ముసుగు వేరుగను, దాని లోపలి ముఖము వేరుగను కనబడును. ఒక చిన్నది దగ్గరకు పోయి, "అయ్యగారూ, గుడ్డ తీస్తే ముఖము ఇంకా బాగుంటుందా?" అని అడిగెను. తీయుటకు అక్కడ గుడ్డ లేదని చెప్పినప్పుడు ఆ బిడ్డ చాలసేపు నమ్మలేదు.

రెండవది గడియారము. ప్రతి గంటకును లోపలినుండి ఒక చిన్న బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టి మరల లోపలికి పోవును. ఆ క్షణము కొరకు వందలమంది ముందుగనే వచ్చి కూర్చుండి, తలలెత్తి కనిపెట్టుచుందురు. మేమును కూర్చుంటిమి. బొమ్మ వచ్చెను, కొట్టెను, పోయెను. జనులు లేచి పోయిరి. ఒక బొమ్మ రాక కొరకు ఇంత నిశ్శబ్దముగా కనిపెట్టగలవారము, ప్రభువు రాకడ కొరకు కనిపెట్టుటలో ఎంత సందడి చేయుచున్నామో అని ఆ రాత్రి ప్రార్థనలో చెప్పితిని. అందరు తలలూపిరి.

మూసీ నది దాటునప్పుడు బస్సు నెమ్మదిగా పోనిమ్మని డ్రైవరుతో చెప్పితిని. 1908 సెప్టెంబరు 28న ఈ నది పొంగి నగరమును ముంచెను. వేలమంది కొట్టుకొనిపోయిరి. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనున్న ఒక చింతచెట్టును ఎక్కి, సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై, మరల అట్టి వరద రాకుండ ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అను జలాశయములు కట్టబడినవి. వరదలను ఎరిగిన డెల్టావారము కనుక, ఈ సంగతి విని మా స్త్రీలు కండ్లు తుడుచుకొనిరి. చెట్టెక్కినవారిలో ఎవరు ఏ మతమువారో, ఏ కులమువారో ఆ దినమున ఎవరును అడిగియుండరు.

రెండవ దినము గోల్కొండ. ఉదయమే వెళ్లితిమి, ఎండ ముదిరిన పిమ్మట ఆ కొండ ఎక్కుట కష్టము. సుమారు 400 అడుగుల ఎత్తుగల నల్లరాతి గుట్టపై మెట్టు మెట్టుగా కట్టిన కోట అది. చుట్టునున్న వెలుపలి ప్రాకారమునకు 87 బురుజులున్నవని చెప్పుదురు. కీర్తనకారుని మాట పిల్లలకు జ్ఞాపకము చేసి, కనబడినన్ని బురుజులు లెక్కించుమంటిని. వారు పందెము వేసికొని లెక్కించిరి. గోల్కొండ వజ్రములని లోకమంతట పేరుపొందిన వజ్రములు ఈ కొండలో దొరికినవి కావు. మన కృష్ణా తీరమందలి కొల్లూరు మొదలగు గనులనుండి ఇక్కడి అంగడికి వచ్చినవి. ఆ మాట విని మావారు కొంచెము గర్వపడిరి. కంచర్ల గోపన్నను బంధించియుంచిరని చెప్పబడు చీకటి చెరసాలను కూడ చూచితిమి. అది చూచినవానికి, ఫిలిప్పీలో పౌలు సీలలు చెరలోనుండి పాడుట ఎంతటి కార్యమో కొంత తెలియును.

ఈ కోటలో అందరు ముచ్చటపడు వింత యొకటి కలదు. క్రిందనున్న ద్వారమండపము నడుమ నిలిచి చప్పట్లు కొట్టినయెడల, ఆ శబ్దము కొండ కొననున్న కట్టడమువద్ద వినబడును. శత్రువు వచ్చిన సంగతిని పైవారికి తెలియజేయుటకు పూర్వులు చేసిన ఏర్పాటు ఇదని చెప్పుదురు. మా యౌవనస్థులు కొందరు పైకి పోయిరి, ఇద్దరు క్రింద నిలిచి చప్పట్లు కొట్టిరి. పైవారికి వినబడెను. నేను పైకి చేరిన తరువాత, సగము నగరము కనబడు ఆ ఎత్తుమీద అందరిని కూర్చుండబెట్టి, దానిని ఆధారము చేసికొని ఒక చిన్న ప్రసంగము చేసితిని. క్రిందనున్న బలహీనుని చిన్న చప్పుడు పైనున్నవాని చెవికి చేరుననియు, మన ప్రార్థన అట్టిదేననియు చెప్పితిని. ఆ ప్రసంగము బాగున్నదని పలువురు మెచ్చుకొనిరి.

ఇప్పుడు నా తప్పు చెప్పవలెను.

మా గుంపులో డెబ్బదియెనిమిదేండ్ల విధవరాలు ఒకరుండిరి. ఆమెను ఊరంతయు మామ్మగారనియే పిలుతురు. ఆమె యాత్రకు వచ్చినది చార్మినారు కొరకును కాదు, గోల్కొండ కొరకును కాదు. గతించిన ఆమె పెనిమిటి, చచ్చిపోకముందు ఒకసారి మెదకు గుడి చూడవలెనని అనుచుండెడివారట. ఆయన చూడలేకపోయిరి. ఆయనకు బదులు తాను చూచి రావలెనని ఆమె కోరిక. మోకాళ్ల నొప్పిచేత ఆమె కోట మెట్లు ఎక్కలేకపోయిరి. నేను ఆమెను ద్వారమునకు కొంచెము దూరమున చెట్టునీడను కూర్చుండబెట్టి, "మామ్మగారూ, ఇక్కడనే కూర్చోండి. గంటలో దిగివచ్చెదము" అని చెప్పి పైకి వెళ్లితిని.

మేము దిగినది గంటకు కాదు, రెండు గంటలకు. ఎక్కిన దారిని గాక వేరొక దారిని, రాణీమహలు శిథిలములమీదుగా దిగితిమి. అప్పటికే ఆలస్యమాయెను. నా జేబులో ఒక కాగితముండెను. చూడవలసిన స్థలములు, వాటికెదురుగా గంటలు, నిమిషములు అందులో వ్రాసికొంటిని. ఆ కాగితము నన్ను తరుముచుండెను. బస్సువద్ద నిలిచి గట్టిగా, "అందరు వచ్చిరా?" అని అడిగితిని. "వచ్చినామయ్యగారూ" అని అందరును ఏకకంఠముతో చెప్పిరి. బస్సు కదిలెను.

కుతుబ్ షాహీ సమాధులు కోటకు దగ్గరలోనే యున్నవి. ఒక వంశపు రాజులందరు ఒక్క తోటలో పండుకొనియున్న చోటు అది. అయితే ఆ వంశములో కడపటివాడైన అబుల్ హసన్ తానాషాకు మాత్రము అక్కడ సమాధి లేదు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత, లోపలివాడే ఒకడు తలుపు తెరువగా గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కెను. తానాషా దౌలతాబాదులో బందీగా నుండి దూరదేశమునందే గతించెను. తన వారందరు ఒక చోటనుండగా ఒక్కడు లేకపోవుట గురించి నేను పిల్లలకు ఎంతో చక్కగా వివరించుచుంటిని. సరిగా అదే సమయమున స్త్రీల సమాజమువారు చెట్లక్రింద పులిహోర పొట్లములు పంచుచుండిరి. పంచుట ముగిసిన తరువాత ఒక సహోదరి గంపలోనికి చూచి, "అయ్యగారూ, ఒక పొట్లము మిగిలినది" అనిరి.

46 పొట్లములు కట్టితిమి. ఒకటి మిగిలినది.

ఎవరు లేరో తెలియుటకు ఎంతోసేపు పట్టలేదు. మామ్మగారు ముందు సీటులో కూర్చున్నారని వెనుకవారును, స్త్రీలతో వెనుక కూర్చున్నారని ముందువారును అనుకొనిరట. మనుమరాలు తమవద్దనే యున్నది గనుక మామ్మయు ఎక్కడనో ఉండియుండునని కొందరు, అయ్యగారే చూచియుందురని మిగిలినవారు తలంచిరట. ఆమెయొద్ద ఫోను లేదు. నేను వారెవరిని ఏమనగలను? ఆమెను అక్కడ కూర్చుండబెట్టినవాడను నేను. ఆమె ఎక్కడనున్నదో ఎరిగిన కాపరిని నేను ఒక్కడనే. అందరు వచ్చిరా అని గుంపును అడిగితినేగాని, మామ్మగారు వచ్చిరా అని అడుగలేదు.

ఒక ఆటోలో ఆమె మనుమరాలును నేనును మరల కోటకు పోయితిమి. ఆ కొలది దూరము నాకెంత దూరమాయెనో ప్రభువునకే తెలియును. ఆమె అదే చెట్టుక్రింద, అదే రాతిమీద, చీర కొంగు తలమీద కప్పుకొని కూర్చుండియుండిరి. ప్రక్కన జామకాయలమ్ము ఒక ముసల్మాను స్త్రీ తన నీళ్లసీసాను ఆమె చేతికిచ్చి విసరుచుండెను. ఆమెకు తెలుగు అంతగా రాదు, మామ్మగారికి ఉర్దూ ఏమియు రాదు. అయినను ఇద్దరును మాటలాడుకొనుచునే యుండిరి. నేను చేతులు జోడించి, "మామ్మగారూ, క్షమించండి" అంటిని.

ఆమె నవ్వి, "మీరు ఇక్కడనే కూర్చోమంటిరి గదా, అయ్యగారూ. కదిలితే మీకెట్లా దొరుకుతాను?" అనిరి. కొంచెముసేపటికి, ఎవరికో రహస్యము చెప్పునట్లు మెల్లగా, "మీరెంతకూ రాలేదని ఆ గుమ్మము కిందకి పోయి మూడుసార్లు చప్పట్లు కొట్టినాను. పైనున్న మీకు వినబడుతుంది గదా అనుకొన్నాను" అనిరి.

ప్రియ చదువరులారా, ఆ వేళకు మేము పైన లేము. క్రిందివారి చప్పుడు పైవారికి వినబడుననిన ప్రసంగమును ముగించి, ఆమెన్ చెప్పి, వేరొక దారిని దిగి వెళ్లిపోతిమి. ఆమె చప్పట్లు ఆ కొండ కొనకు చేరియే యుండును. అక్కడ వినుటకు కాపరి లేడు. నేనిన్ని సంవత్సరములు చేసిన ప్రసంగములలో దేనికిని ఇట్టి జవాబు నాకు రాలేదు.

ఆ రాత్రి సికింద్రాబాదులో ఒక దేవాలయపు హాలునందు బస చేసితిమి. నాకు నిద్రపట్టక లూకా సువార్త రెండవ అధ్యాయము తెరచితిని. పండ్రెండేండ్ల బాలుడైన యేసు యెరూషలేములో నిలిచిపోగా, తలిదండ్రులు ఆయన గుంపులో ఉన్నాడని తలంచి ఒక దినప్రయాణము సాగిపోయిరి. యోసేపు మరియలు అజాగ్రత్తగల మనుష్యులు కారు. గుంపులోనివారు చెడ్డవారు కారు. అందరును దేవుని పండుగనుండి తిరిగి వచ్చుచున్నవారే. ఉన్నాడనుకొనిరి, అంతే. మనుష్యులను పోగొట్టుకొనుటకు ద్వేషము అక్కరలేదు. ఉన్నారనుకొనుట చాలును. ఈ అధ్యాయముమీద నేను ఎన్నియో క్రిస్మసు కాలములలో ప్రసంగించితిని. తలిదండ్రులకే బుద్ధి చెప్పితినిగాని, అది కాపరికి చెప్పిన మాటయని ఆ రాత్రివరకు నాకు తోచలేదు.

మూడవ దినము మెదకు బయలుదేరునప్పుడు మామ్మగారిని నా ప్రక్క సీటులో కూర్చుండబెట్టుకొంటిని. జేబులోని కాగితమును చింపివేసితిని. ఊరు దాటుచుండగా ఆమె కిటికీనుండి ఆ పెద్ద భవనములను చూచుచు, "అయ్యగారూ, మన క్రింది వీధి అబ్బాయి ఈ పట్నములోనే గదా పనిచేస్తున్నాడు. వాడికి కబురు పెట్టినారా?" అని అడిగిరి. ఆమె ఏ కపటము లేకుండ అడిగిరి. నేను మాత్రము జవాబు చెప్పలేకపోతిని. మా సంఘములో బాప్తిస్మము పొంది, మా క్వయరులో పాడిన బిడ్డ అతడు. మూడేండ్ల క్రితము ఉద్యోగమునకై ఈ నగరమునకు వచ్చెను. ఏదో ఒక సంఘములో ఉండియుండునని అనుకొంటిని. రెండు దినములు అతడున్న నగరములో తిరిగి, నాలుగు వందల యేండ్లనాటి రాళ్లను చూచితిని. ఆ బిడ్డ జ్ఞాపకమైనను రాలేదు. బస్సులోనుండియే అతనికి ఫోను చేసితిని.

మెదకు గుడిని గూర్చి మీలో చాలమంది ఎరుగుదురు. ఛార్లెస్ వాకర్ పోస్నెట్టుగారను మిషనరీ నాయకత్వమున 1914లో పని ఆరంభమై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. నూరేండ్లు నిండి యింకను ఎంతో కాలము కాలేదు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురము గల ఆ మందిరము, కరవుచేత అన్నములేని పల్లెజనులకు పనియు కూలియు దొరకవలెనని కట్టబడినది. గోల్కొండ గోడలు శత్రువును వెలుపల ఉంచుటకు లేచినవి. ఈ గోడలు ఆకలిగొన్నవారికి అన్నము పెట్టుచు లేచినవి. రెండింటిని వరుసగా రెండు దినములలో చూచినప్పుడు ఆ భేదము పిల్లలకు సహితము తెలిసినది; నేను ప్రసంగము చేయవలసిన పనిలేకపోయెను.

ఆ గుడిలో రంగుల అద్దాల కిటికీలు మూడు కలవు: ప్రభువు జననము, సిలువ మరణము, ఆరోహణము. బయటనుండి చూచిన అవి నల్లగా, ఏమియు తెలియక యుండును. లోపలికి వచ్చి, పగటి వెలుగు వాటిగుండా ప్రకాశించునప్పుడు చూడవలెను. మామ్మగారు మెట్లవద్ద చెప్పులు విడిచి, నా చేయి పట్టుకొని, ఆ పొడవైన నడవలో అడుగు వెంబడి అడుగు వేయుచు నడచిరి. నేను జీవితములో అంత నెమ్మదిగా ఏ గుడిలోను నడువలేదు. అంత నెమ్మదిగా నడచినందువలననే, ఆరోహణపు కిటికీనుండి పడిన వెలుగు నేలమీద రంగులుగా పరచుకొనియుండుట చూచితిని. ఆమె ఆ కిటికీల నెదుట చాలసేపు కూర్చుండిరి. ప్రార్థించితిరా అని అడుగలేదు. లేచునప్పుడు ఆమె, "ఆయన కూడ చూసినట్టే" అని మాత్రము అనిరి.

ఆ సాయంకాలము తిరిగి వచ్చుచుండగా, విజయవాడ రహదారి మొదట ఎల్.బి. నగర్ వద్ద ఆ యువకుడు మాకొరకు నిలిచియుండెను. పిల్లలకని ఒక సంచి నిండ నారింజపండ్లు తెచ్చెను. పది నిమిషములే బస్సు ఆగినది. మామ్మగారు కిటికీలోనుండి చేయి చాపి అతని తల నిమిరిరి. అతడు నాతో, "మన సంఘమునుండి ఒకరు ఫోను చేసి మూడేండ్లైంది, అయ్యగారూ" అనెను. నిందగా అనలేదు. గుడికి వెళ్లుచున్నావా అని నేనడుగలేదు. నా కడుపులోనున్న సిగ్గు నన్ను అడుగనీయలేదు. అతడే, "ఆదివారము ఎక్కడికి వెళ్లాలో చెప్పండి" అనెను. అతనికి దగ్గరనున్న సంఘపు కాపరికి ఉత్తరము వ్రాసి ఇచ్చితిని. ఇప్పుడు అక్కడ అతడు క్వయరులో పాడుచున్నాడు.

ఇల్లు చేరిన తరువాత సంఘపు రిజిష్టరు తీసి, పేరు పేరున చదివితిని. సంవత్సరమంతయు నేను గడప తొక్కని ఇండ్లు పదకొండు కనబడినవి. అందరును గుంపులో ఉన్నారనుకొంటిని.

మీరును మీ సంఘములనుండి ఇట్టి యాత్రలకు వెళ్లుడని నేను మనస్ఫూర్తిగా చెప్పుచున్నాను. పాత నగరములు మంచి బోధకులు. అయితే నేను నష్టపడి నేర్చుకొన్న నాలుగు సంగతులు మీకు ఊరకయే ఇచ్చుచున్నాను. యిత్రో మోషేకు చెప్పినట్లు పదిమందికొక పెద్దను పెట్టుడి. ఆ పెద్ద బస్సు కదలకముందు పేరు పేరున పిలువవలెను. "అందరు వచ్చిరా" అని ఎన్నడును అడుగకుడి. లేనివాడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేడు. ఒక దినమునకు రెండు స్థలములు చాలును. మూడవదానిని చూడకపోయినయెడల ఎవరి ఆత్మయు నశింపదు. కొండ ఎక్కలేనివారితో క్రింద ఒకరు కూర్చుండవలెను, ఆ ఒకరు కాపరియైనను సరే. పోవు ఊరిలో మీ సంఘపు బిడ్డలెవరున్నారో బయలుదేరకముందే విచారించి కబురు పెట్టుడి. బురుజులు లెక్కించుట మంచిదే. మనుష్యులను దానికి ముందు లెక్కింపవలెను.

మందలోని తొంబదితొమ్మిదిని విడిచి ఒక్కదానికొరకు వెళ్లిన కాపరిని గూర్చి మనము తరచుగా చెప్పుదుము. ఆ కాపరికి ఒకటి లేదని ఎట్లు తెలిసెను? సాయంకాలమున ఆయన లెక్కించెను గనుకనే తెలిసెను. ఆ వెదకుట యంతయు ఆ లెక్కతోనే ఆరంభమాయెను. ఈ రాత్రి పండుకొనకముందు మీ ఇంటివారిని, మీ వీధివారిని, మీ సంఘపు బల్లమీద మీ ప్రక్కన కూర్చుండుచుండినవారిని ఒక్కసారి పేరు పేరున తలంచుడి. ఏ చెట్టుక్రిందనో మీరు కూర్చోమన్న చోటనే కూర్చుండి, మీకొరకు కనిపెట్టుచు, చప్పట్లు కొట్టి అలసినవారు ఒకరు మీకు జ్ఞాపకము రావచ్చును. రేపటివరకు ఆగకుడి.

మన తలవెంట్రుకలను సహితము లెక్కించియున్న తండ్రి, మనము మరచినవారిని మరువనివాడు, తన లెక్కలో కొంతయైనను మనకు నేర్పును గాక. ఆమెన్.